వేలు జారితే మేక చావకూడదు: ఆన్‌లైన్ బోర్డు ఆటల్లో చేతి పొరపాట్లు ఆపడం ఎలా

మేం నలుగురం కలిసి పులిమేక ఆటను ఫోన్లో ఆడుకునేలా తయారుచేశాం. మొదటి నెలలో నాకొచ్చిన ఫోన్లలో సగం మా చినమామవే. ఆయనకు విడవలూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి, రాత్రిళ్లు కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయని గట్టుమీదే కాపలా పడుకుంటాడు, నిద్ర పట్టేయకుండా మా ఆట ఆడుతుంటాడు. ఒకరోజు రాత్రి పన్నెండున్నరకి ఫోన్ చేసి, "ఏందిరా అబ్బయ్యా ఇది, నేను మేకను ఒక ఇంట్లో దించితే అది పక్కింట్లో పులి ముందర పోయి కూర్చుంది, మీరు ఆట చేశారా నామీద పగ తీర్చుకుంటున్నారా" అని మొదలుపెట్టాడు. "మీరే చూసుకోకుండా పెట్టుంటారు మామా" అన్నా. మరుసటి రోజు సర్వర్లో ఆ ఆట రికార్డు తెరిచి చూస్తే ఆయన వేలు రెండు ఇళ్లకు సరిగ్గా మధ్యలో పడింది, మా కోడ్ ఏదో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి ఎంచుకుంది. తప్పు ఆయనది కాదు, మాది.

అప్పటినుంచి దెబ్బలు తిని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. పులిమేక ఒక్కటే కాదు, చదరంగం, అష్టాచెమ్మా, లూడో, దాడి, ఏ బోర్డు ఆటను ఆన్‌లైన్లో పెట్టాలనుకున్నా పనికొస్తుంది.

ముందు ఒక తేడా బుర్రలో పెట్టుకోండి. డిజైన్ గురించి బాగా ఆలోచించిన డాన్ నార్మన్ మనుషుల పొరపాట్లను రెండుగా విడదీసి చెప్తాడు: అనుకున్నది ఒకటి, చేసింది ఇంకొకటి అయితే అదొక రకం. అనుకున్నదే తప్పయితే అది రెండో రకం. మన భాషలో మొదటిది చెయ్యి తప్పు, రెండోది బుర్ర తప్పు. ఆటకి ఇది ప్రాణం. ఎందుకంటే ఎదుటివాడి బుర్ర తప్పు మీద గెలవడమే ఆట, ఎదుటివాడి వేలు జారడం మీద గెలిస్తే గెలిచినవాడికీ సంతోషం ఉండదు. కాబట్టి మన పని చెయ్యి తప్పును వీలైనంత ఆపడం, బుర్ర తప్పు జోలికి అసలు పోకపోవడం. ఏది ఏ రకమో తెలియకపోతే ఓడినవాడి మొదటి మాట వినండి. "నేను అక్కడ పెట్టలేదు" అంటే మీ స్క్రీన్ సరిచేసుకోవాలి. "అయ్యో, ఆ పులిని చూసుకోలేదే" అంటే మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు, అలాగే వదిలేయండి.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముందు వేలికీ ఇంటికీ ఉన్న కొలతలు చూసుకోవాలి. పులిమేక బోర్డులో 23 ఇళ్లుంటాయి: కొసన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు. కొస నుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకుంటూ వస్తాయి. గుడి అరుగు మీద రాయితో గీసుకుని ఆడేటప్పుడు ఇబ్బందేమీ లేదు, బోర్డు మూరెడు వెడల్పు ఉంటుంది. అదే బొమ్మను ఫోన్లో పెడితే ఏమవుతుందో లెక్క వేయండి. అడుగున గీతల మధ్య 20 మిల్లీమీటర్ల ఎడం ఇచ్చారనుకోండి, మొదటి అడ్డగీత కొస నుంచి పావు వంతు దూరంలో ఉంటే అక్కడ ఎడం 5 మిల్లీమీటర్లే. ఆండ్రాయిడ్ వాళ్లు వేలితో తాకే ఏ వస్తువైనా కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజులకు వాళ్లు వాడే కొలత) ఉండాలంటారు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఆపిల్ వాళ్లు తమ కొలతలో 44 పాయింట్లంటారు. మన ఇళ్లేమో అందులో సగం. పైగా పులులు ఆట మొదట్లో ఉండేది ఆ కొస దగ్గరే, అంటే తొక్కిసలాట ఎక్కడుందో ప్రమాదం కూడా అక్కడే. పాల్ ఫిట్స్ అనే మానసిక శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు, గురి చిన్నదయ్యేకొద్దీ, దూరమయ్యేకొద్దీ దాన్ని సరిగ్గా అందుకోవడానికి చేతికి ఎక్కువ టైం పడుతుందని. మరి ఆ టైం ఇవ్వకుండా గడియారం పరుగెత్తిస్తే గురి తప్పక ఏమవుతుంది.

మేం చేసింది ఏంటంటే, త్రిభుజం త్రిభుజంలా ఉండాలన్న పట్టుదల వదిలేశాం. మొదటి అడ్డగీతను కిందికి జరిపి, కొస దగ్గర గీతలను గొడుగు ఊచల్లా కొంచెం వంచి విడదీశాం. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి దారి ఉందన్నది మారనంతవరకు ఆట మారదు, బొమ్మ ఎలా ఉన్నా పర్వాలేదు. పాతకాలం వాళ్లు ఒకరిద్దరు "ఇదేం బోర్డు, తలకాయ వాచినట్టుంది" అన్నారు, రెండు రోజులు ఆడాక మర్చిపోయారు.

దాంతో పాటు ఇంకో రెండు పనులు. ఒకటి, కంటికి కనిపించే చుక్క వేరు, వేలు తగలాల్సిన జాగా వేరు అని కోడ్‌లో విడగొట్టండి. చుక్క చిన్నగానే ఉండొచ్చు, దాని చుట్టూ కనపడని జాగా మాత్రం పక్క ఇంటి హద్దు వరకు పోవాలి. రెండోది, పట్టుకున్న పావు ఎక్కడెక్కడికి పోగలదో ఆ ఇళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. ఒక మేకకు పోయే దారి రెండే ఉంటే బోర్డంతా ఆ రెండిటికే పంచేయొచ్చు, వేలు కొంచెం అటుఇటు పడ్డా దగ్గరి ఇల్లే దొరుకుతుంది. కానీ వేలు రెండిటికీ సమానంగా మధ్యలో పడితే మాత్రం దయచేసి ఊహించకండి. ఏమీ చేయకుండా ఆ రెండు ఇళ్లనూ కొంచెం పెద్దవి చేసి చూపించి మళ్లీ తాకనివ్వండి. మా చినమామ కేసులో మేం చేయనిది ఇదే.

తర్వాతది నాకు బాగా ఇష్టమైన విషయం, ఎత్తు ఎప్పుడు వేసినట్టు లెక్క అన్నది. చదరంగంలో ముట్టుకుంటే ఆడాలి, పావును గడిలో పెట్టి చెయ్యి వదిలేస్తే ఇక మార్చడానికి లేదు. ఊరికే సర్దాలనుకుంటే ముందే "జాదూబ్" అనాలి, ఫ్రెంచి మాట, సర్దుతున్నానని అర్థం. 1994లో లినారెస్ టోర్నమెంటులో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ హంగరీ క్రీడాకారిణి జూడిత్ పోల్గార్ మీద ఆడుతూ గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, అది బాగోలేదని కనపడగానే తీసి ఇంకో గడిలో పెట్టాడు. వేళ్లు సెకనులో పావు వంతు సేపు వదిలాయని వీడియోలో తేలింది, దాని మీద ఇప్పటికీ వాదించుకుంటారు. అంతటివాడి ఆటలోనే వేలు వదిలిన క్షణం అంత గొడవ చేసిందంటే, ఆ క్షణం ఏదో మన స్క్రీన్ మీద ఎంత స్పష్టంగా ఉండాలో చూడండి.

కాబట్టి తాకగానే ఎత్తు పంపకండి, వేలు ఎత్తినప్పుడే పంపండి. వేలు ఆనించి ఉన్నంతసేపు పావును అటుఇటు జరిపి చూసుకోవచ్చు, బోర్డు బయటికి లాగి వదిలితే పావు వెనక్కి తన ఇంటికి పోవాలి. వేలి కింద ఏముందో కనపడదు కాబట్టి పట్టుకున్న పావు బొమ్మను వేలికి కొంచెం పైన తేలేలా చూపించి, అది దిగబోయే ఇంటిని వెలిగించండి. లాగడం అలవాటు లేనివాళ్లకు తాకి-తాకి పద్ధతి కూడా ఉండాలి: ఒకసారి పావును తాకితే ఎంపిక, ఇంకోసారి ఇంటిని తాకితే ఎత్తు. ఇందులో ఎంపిక చేసిన పావునే మళ్లీ తాకితే ఎంపిక పోవాలి, మీదే ఇంకో పావును తాకితే ఎంపిక దానికి మారాలి. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు, ఆడేవాడు చెల్లని ఎత్తు వేశాడనుకుని ఎర్ర అక్షరాల్లో కసురుతారు. చెల్లనిది వేస్తే కసరడం కాదు, ఎందుకు చెల్లదో ఒక ముక్క చెప్పండి. "మేకలన్నీ దించాకే కదపాలి" అని మేం పెట్టాక "ఆట పనిచేయట్లేదు" అనే ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఇంకో దొంగ తప్పు ఉంది. మీరు ఒకచోట తాకబోతుంటే, వేలు గాల్లో ఉండగానే, స్క్రీన్ మారిపోతుంది. ఎదుటివాడి ఎత్తు వచ్చి బోర్డు జరుగుతుంది, లేదా "రాజీకి (అంటే డ్రాకి) ఒప్పుకుంటారా" అని ఒక డబ్బా సరిగ్గా మీ వేలి కిందే పుడుతుంది, మీరు ఒప్పేసుకుంటారు. దీనికి మందు సులువు. కొత్తగా పుట్టిన బటన్ మొదటి సెకనులో మూడో వంతు సేపు తాకినా పలకకూడదు. ఎదుటివాడి నుంచి వచ్చే అడగడాలు బోర్డు మీద కాకుండా ఎప్పుడూ ఒకే చోట, పక్కన రావాలి. బోర్డు సైజు ఆట మధ్యలో మారకూడదు, చాట్ తెరిచినా సరే.

ఇక అందరికీ మొదట తట్టే ఉపాయం: "ఖాయమా?" అని అడగడం. మేమూ మొదట అదే చేశాం, ప్రతి ఎత్తుకీ అడిగాం. మూడు రోజుల్లో జనం దాన్ని చదవడం మానేసి, ఎత్తు వేసి గుడ్డిగా అవును నొక్కేయడం నేర్చుకున్నారు, అంటే ఒక తాకుడు రెండు తాకుళ్లయింది తప్ప ఆగింది ఏమీ లేదు. అడగడాన్ని పిసినారిలా ఖర్చు పెట్టాలి. వెనక్కి తీసుకోలేనిదీ, అరుదుగా జరిగేదీ అయితేనే అడగండి: ఆట వదిలేయడం, రాజీకి పిలవడం, టోర్నమెంటు నుంచి తప్పుకోవడం. మామూలు ఎత్తులకు అడగాలా వద్దా అన్నది ఆట వేగాన్ని బట్టి ఉంటుంది. రోజుకో ఎత్తు వేసే నిదానపు ఆటలో అడిగితే నష్టం లేదు, మూడు నిమిషాల ఆటలో అడిగితే తిడతారు. లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైటులో చూడండి, ఎత్తును ఖాయం చేయమని అడగాలో వద్దో ఏ వేగం ఆటకు ఆ వేగానికి విడిగా ఎంచుకోనిస్తారు. ఈ పద్ధతే మంచిది.

ఆట వదిలేసే బటన్ను చాట్ పక్కన పెట్టకండి. దాన్ని ఒకసారి నొక్కితే అదే జాగాలో "నిజంగా వదిలేస్తారా" అని మారి, మూడు సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే మళ్లీ మామూలైపోవాలి. వేరే కిటికీ తెరిచి మొత్తం కప్పేయక్కర్లేదు.

బటన్ల మీద రాతల గురించి తెలుగులో ఆట చేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మేం చేసిన ఘనకార్యం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొదటి వెర్షన్లో "ఆట రద్దు చేయాలా?" అని అడిగి కింద రెండు బటన్లు పెట్టాం: "రద్దు", "సరే". ఏది నొక్కితే ఆట పోతుందో చెప్పండి చూద్దాం. మాకే తెలియలేదు. ఇంకోటి, డ్రాకి "రాజీ" అని, ఓటమి ఒప్పుకోవడానికి "రాజీనామా" అని రాశాం. చిన్న ఫోన్లలో జాగా చాలక రెండోది "రాజీ..." అని తెగిపోయేది. గెలిచే ఆటలో సగం పాయింటు కోసం పోయి మొత్తం పోగొట్టుకున్న ఒంగోలు కుర్రాడు ఒకడు మాకు రాసిన మెసేజ్ ఇక్కడ పెట్టలేను. ఇప్పుడు బటన్ మీద జరగబోయే పనే పూర్తిగా రాస్తున్నాం: "ఆట వదిలేస్తా", "ఆడుతూనే ఉంటా". డ్రాకి "డ్రా" అనే ఉంచాం, అందరికీ తెలిసిన మాటే. అవును, కాదు, సరే, రద్దు అన్న మాటలు ఒంటరిగా ఎక్కడా లేవు. ఒత్తులు కింద కోసుకుపోకుండా బటన్ ఎత్తు కొంచెం పెంచండి, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తు మన అక్షరాలకు సరిపోదు.

అడగడం కంటే వెనక్కి తీసుకోనివ్వడం చాలాసార్లు మంచి మందు. కానీ ఎంతవరకు? ఇక్కడ ఒకటే నియమం పెట్టుకున్నాం: కొత్త సంగతి బయటపడనంతవరకు తీసుకోవచ్చు. అష్టాచెమ్మాలో గవ్వలు వేశాక పందెం కనపడిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోవడమంటే అన్యాయం. కానీ ఆ పందేనికి ఏ కాయ జరపాలన్నది వంతు అయిపోయేదాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చెమ్మా (నాలుగు) పడో అష్టా (ఎనిమిది) పడో ఇంకో పందెం వస్తే, ఆ రెండో పందెం వేసిన క్షణం నుంచి మొదటి కాయ జరపడం ఖాయం. పేకముక్క తిప్పే ఆటలైనా ఇంతే. ఎదుటివాడికి ఎత్తు కనపడిపోయాక మాత్రం అతను ఒప్పుకుంటేనే, అదీ ఊరికే సరదాకి ఆడుకునే ఆటల్లోనే. నిదానపు ఆటల్లో ఎత్తును రెండు సెకన్లు మన ఫోన్లోనే పట్టుకుని ఉంచి, "వెనక్కి" అని ఒక బటన్ చూపించి తర్వాత పంపడం ఇంకో దారి. చెయ్యి తప్పు చేసినవాడికి అది వెంటనే తెలుస్తుంది, రెండు సెకన్లు చాలు. బుర్ర తప్పు చేసినవాడికి రెండు నిమిషాలిచ్చినా తెలియదు. అందుకే ఈ పద్ధతి రెండిటినీ చక్కగా విడగొడుతుంది.

మర్చిపోవడం అనేది మధ్యలో ఉండే తప్పు. ఇంకో పందెం మిగిలి ఉండగా "వంతు అయింది" నొక్కేయడం లాంటిది. దానికి అడగొచ్చు, కానీ నిజంగా మిగిలి ఉన్నప్పుడు మాత్రమే. ఏమీ మిగలకపోతే వంతు దానంతటదే ఎదుటివాడికి పోవాలి. జరపగలిగే కాయ ఒక్కటే ఉంటే ఆటే జరపొచ్చా అని మాలో మాకు పెద్ద వాదన. నేను వద్దంటా. ఆ ఒక్క తాకుడు లేకపోతే ఏం జరిగిందో చూసేలోపే అయిపోతుంది, ఆడినట్టే ఉండదు.

దాడి ఆటలో ఇంకో ఇబ్బంది. మూడు కాయలు వరసకొస్తే ఎదుటివాడి కాయ ఒకటి తీసేయాలి, అంటే అప్పటిదాకా మీ కాయలు తాకుతున్న వేలు ఒక్కసారిగా వాళ్ల కాయలు తాకాలి. చాలామంది వంతు అయిపోయిందనుకుని ఊరికే కూర్చుంటారు, గడియారం తిరిగిపోతుంది. పైన చిన్న అక్షరాల్లో "ఒక కాయ తీయండి" అని రాస్తే ఎవరూ చదవరు. బోర్డే మారినట్టు ఉండాలి: మీ కాయలు మసకబారి, తీయగలిగిన వాళ్ల కాయలు కదులుతున్నట్టు వెలగాలి, ఫోన్ ఒకసారి గుర్రుమనాలి.

రంగుల సంగతి త్వరగా చెప్పేస్తా. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువ. లూడోలోని నాలుగు రంగుల్లో ఆ రెండూ ఉన్నాయి. రంగుతో పాటు ఆకారమో గుర్తో పెట్టండి. చివరి ఎత్తు ఎక్కడినుంచి ఎక్కడికో గుర్తు పెట్టండి. మీ వైపు ఎప్పుడూ కిందే ఉండాలి.

ఇప్పుడు సాయం ఎక్కడ ఆపాలన్నది. వామనగుంటల్లో ఒక గుంటలో గింజలు తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూపిస్తే బాగుంటుంది కదా అని మాలో ఒకడు అన్నాడు. బాగుండదు. ఆ లెక్క వేసుకోవడమే ఆట. అట్నే "ఇక్కడ పెడితే పులి మింగుతుంది" అని హెచ్చరించడం కూడా కాదు. పోగలిగే ఇళ్లు చూపించడం రూల్ చెప్పడం, ఏది మంచిదో చూపించడం ఆడిపెట్టడం. గుంటలో ఎన్ని గింజలున్నాయో అంకె వేసి చూపించడం మాత్రం సరే, ఎందుకంటే నేల మీద ఆడేటప్పుడు వంగి చూస్తే కనపడేదే ఫోన్లో బొమ్మ చిన్నదై కనపడట్లేదు.

నెట్ పోయినప్పుడు జరిగే తప్పులు పిల్లలకు కూడా తెలుసు, కానీ సరిచేసేవాళ్లు తక్కువ. నేను కావలి నుంచి ఒంగోలుకి రైల్లో పోతూ ఆడుతుంటా, సింగరాయకొండ దాటేలోపు రెండుసార్లైనా సిగ్నల్ పోతుంది. ఎత్తు వేస్తాం, ఏమీ జరగదు, మళ్లీ తాకుతాం, మళ్లీ తాకుతాం, సిగ్నల్ రాగానే మూడూ ఒకేసారి పోయి మూడోది వచ్చే వంతులో ఎత్తుగా పడుతుంది. దీనికి ప్రతి ఎత్తుతో పాటు అది ఎన్నో ఎత్తో నంబరు పంపండి, ఆ నంబరు దాటిపోయి ఉంటే సర్వర్ పారేయాలి. స్క్రీన్ మీద పావు వెంటనే జరగాలి కానీ "పంపుతున్నాం" అని తెలిసేలా కొంచెం మసకగా ఉండి, సర్వర్ ఒప్పుకున్నాక గట్టిగా కనపడాలి. ఎదుటివాడి వంతులోనే ముందుగా ఎత్తు వేసి పెట్టే సౌకర్యం ఇస్తే అది వేరే రంగులో ఉండాలి, ఎక్కడ తాకినా రద్దయిపోవాలి. నిజానికి మేం పులిమేకలో దాన్ని తీసేశాం, అందులో వాడు ఏం చేస్తాడో చూడకుండా వేసే ఎత్తుకు అర్థమే లేదు.

చివరిగా పరీక్ష. ఆఫీసు కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఆడితే ఏ తప్పూ దొరకదు. ఎడమచేతి బొటనవేలితో ఆడండి, బస్సులో ఆడండి, మధ్యాహ్నం ఎండలో మేడ మీద ఆడండి, చెయ్యి తడుపుకుని ఆడండి. తడి స్క్రీన్ ఒక్క తాకుడును రెండుగా చదవడం చెరువు గట్టు మీద కూర్చున్నాక తెలిసింది మాకు, ఒకే ఇంటి మీద సెకనులో పదోవంతు లోపల పడే రెండో తాకుడును పట్టించుకోకుండా చేశాం. కళ్లజోడు వాడే పెద్దాయనకు ఇచ్చి, నోరు మూసుకుని పక్కన కూర్చోండి, "అక్కడ కాదు ఇక్కడ" అని చెప్పకండి, నాకు అది చాలా కష్టమైంది. రికార్డులో రెండు చూడండి: వేలు ఇంటి నడిమధ్య నుంచి ఎంత దూరంలో పడుతోంది, వేసిన రెండు సెకన్లలోపు ఎన్ని ఎత్తులు వెనక్కి తీసుకుంటున్నారు. ఏ ఇంటి దగ్గర ఈ రెండూ ఎక్కువగా ఉన్నాయో ఆ ఇల్లు ఇంకా ఇరుకుగా ఉందన్నమాట. మా బోర్డులో అది ఇప్పటికీ మొదటి అడ్డగీత మీద నడిమి రెండు ఇళ్లే, గీతలు ఇంకొంచెం వంచి చూస్తున్నాం.